పటాన్‌చెరు నుంచి గోల్‌లైన్ దాకా

మా అన్న కరుణాకర్‌ను ఇంటికి తీసుకురావడానికి నేనూ మా రత్నం చిన్నాయనా గోవా బయలుదేరాం. అన్న అక్కడ ఒక క్లబ్బుకు జీతం మీద ఫుట్‌బాల్ ఆడతాడు. మైదానం ఎడమ అంచు వెంట పరుగెత్తి, గోల్ ముందున్న వాళ్లకు బంతి అందించడం అతని పని. మావైపు పాతకాలం ఆటగాళ్లు ఆ చోటును లెఫ్ట్ అవుట్ అంటారు. గోవాలో వింగర్ అంటున్నారు.

గోవా పోకముందు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ అన్నకు ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం ఇచ్చింది. పొద్దున స్టోర్స్‌లో పని, మధ్యాహ్నం నుంచి ఫ్యాక్టరీ జట్టులో ఆట. గోవా క్లబ్బు పిలిచినప్పుడు ఫ్యాక్టరీవాళ్లు మూడేళ్లు జీతం లేని సెలవు ఇచ్చారు. ఆ గడువు ఈ ఏప్రిల్‌తో తీరిపోతోంది. సోమవారం పొద్దున గేటు దగ్గర సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, పెట్టకపోతే పోతుంది. దానికి రెండు రోజుల ముందే, శనివారం, గోవాలో సీజన్ చివరి ఆట. వచ్చే ఏడు అతన్ని ఉంచుకునేదీ లేనిదీ ఆ ఆట అయ్యాకే చెప్తామని క్లబ్బువాళ్లు అన్నారట.

అన్నకు ముప్ఫై దగ్గర పడుతోంది. ఎడమ మోకాలికి ఒకసారి ఆపరేషన్ అయింది. నాన్న పోయిన తర్వాత ఇంటి మాట అమ్మదే. ఆమె మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ కాలు ఇంకెన్ని దినాలు ఆడుతది? నౌకరి వోతే మల్ల ఎవడిస్తడు? పోయి పట్టుకొని రాండ్రి."

చిన్నాయన నాన్నకు తమ్ముడు, తాపీ మేస్త్రి. ఆయనకు హిందీ ధారాళంగా వస్తుంది గాని బోర్డులు చదవలేడు. నాకు చదవడం వచ్చు గాని కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు. నేను మూడో తరగతి పిల్లలకు పాఠం చెప్తాను, వాళ్ల తల్లులు వస్తే మాత్రం హెడ్మాస్టర్ వెనక నిలబడతాను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతామని అమ్మ లెక్క. ఎండాకాలం సెలవులు కూడా కలిసొచ్చాయి.

గోవా పోయే బస్సులు హైదరాబాద్‌లో మధ్యాహ్నం బయలుదేరి బొంబాయి రోడ్డు మీదుగా పోతాయి కాబట్టి మావాళ్లు పట్నం దాకా పోనక్కర లేదు. రామచంద్రాపురంలో ఏజెంటు దగ్గర సీట్లు రాయించుకుని పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా నిలబడితే చాలు. చిన్నాయన పోవడానికి రెండు సీట్లు, రావడానికి మూడు సీట్లు రాయించాడు. మూడోది అన్నకు.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు రావలసిన బస్సు ఐదు దాటాక వచ్చింది. ఎండ పడమటి నుంచి కొడుతుంది కనుక ఈ బస్సుల్లో కుడివైపు సీటు తీసుకోవడం మంచిది. మాకు ఎడమవైపు దొరికింది. అందువల్ల ఊరు దాటుతుండగా ఫ్యాక్టరీ క్వార్టర్లూ, వాటి సందులోంచి వెనక ఉన్న మైదానమూ కనిపించాయి. నాన్న బతికి ఉన్నప్పుడు మేం ఆ క్వార్టర్లలోనే ఉండేవాళ్లం. అన్న ఆట నేర్చింది ఆ మైదానంలోనే. ఆడపిల్లలు అక్కడికి పోయేవాళ్లు కాదు. నేను మిద్దె మీద పుస్తకం పట్టుకుని కూర్చుని చూసేదాన్ని. నీళ్ల ట్యాంకు అడ్డం రావడం వల్ల మైదానంలో ఒక సగమే కనిపించేది. ఆ సగం చివర గోల్ స్తంభాలు, స్తంభాల వెనక నాలుగడుగులు కూడా లేకుండా ఒక ఇటుక గోడ. గోడకు అవతల ఫ్యాక్టరీల మురుగు కాలువ. ఎరుపో పసుపో చెప్పలేని రంగు నీళ్లు అందులో పారతాయి. బస్సు అక్కడికి రాగానే తెలిసినవాళ్లంతా కిటికీలు మూశారు.

మా ముందు సీటులో ఉన్న కుర్రవాడు మూయలేదు. గుమ్మడిదల దగ్గర మందుల ఫ్యాక్టరీలో రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు గోవాలో అలాంటిదే మరో ఫ్యాక్టరీలో చేరబోతున్నానని చెప్పాడు.

"వాసన వస్తలేదా తమ్మీ?" అన్నాడు చిన్నాయన.

"నా అంగికి గూడ గదే వాసన కాకా. ఇగ కిటికి మూస్తే ఏం ఫాయిద? గోవాల గూడ గిట్లనే ఉంటదా అని చూస్తున్న."

సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట, జహీరాబాద్. హుమ్నాబాద్‌లో ఎనిమిదిన్నరకు భోజనానికి ఆపారు. జొన్నరొట్టె, గుత్తివంకాయ బాగున్నాయి. చేతులు కడుక్కునే చోటు బాగాలేదు. నీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు. నేను తింటుంటే చిన్నాయన హోటలు గోడను వేలితో తట్టి చూస్తున్నాడు. ఎక్కడికి పోయినా ఆయన చేసే మొదటి పని అది.

"ఇసుక ఎక్కువ పోసిండ్రు. రెండు వానలకు రాలుతది," అన్నాడు సర్వర్‌తో. ఆ సర్వర్‌కు తెలుగు రాదు. తల ఊపి ఇంకో రొట్టె వేసిపోయాడు.

బీజాపూర్ ఎప్పుడు దాటిందో తెలియదు. బెళగావిలో టీ తాగేటప్పటికి తెల్లవారింది. అక్కడి నుంచి కొండల ఘాటు రోడ్డు దిగడం మొదలవుతుంది. వాంతి వచ్చేవాళ్లు నిమ్మకాయ దగ్గర పెట్టుకోవాలి. మా కొండలు నల్లగా గుండ్రంగా ఉంటాయి, చెట్లు తక్కువ. ఇక్కడ కొండ అసలు కనిపించదు, చెట్లే కనిపిస్తాయి. మట్టి మాత్రం జహీరాబాద్ మట్టిలా ఎర్రగా ఉంది. పదిన్నరకు పణజి చేరాం. అక్కడి ప్రభుత్వ బస్సు గంటలో మడ్గావ్ చేర్చింది.

బస్టాండులో అన్న నిలబడి ఉన్నాడు. నల్లబడ్డాడు, బుగ్గలు లోపలికి పోయాయి. నా సంచి అందుకుని మొదట అడిగిన మాట, "అమ్మ తొక్కు పంపలేదా?"

"నువ్వే వస్తున్నవ్ గదా అని పంపలే," అన్నాను. అది నిజమే. పచ్చడి సీసా కడిగి, తుడిచి, మళ్లీ అలమరలో పెట్టింది అమ్మ.

అన్న నవ్వాడు.

అతనూ ఇంకో ఇద్దరు ఆటగాళ్లూ ఫిలోమినా ఆంటీ అనే ఆవిడ ఇంట్లో కిరాయికి ఉంటున్నారు. ఆవిడ నాకు తన గదిలోనే మంచం వేసింది. చిన్నాయనకు వరండాలో చోటిచ్చింది. చేపల కూర, ఉప్పుడు బియ్యం అన్నం పెట్టింది. చిన్నాయన తినే ముందు ఆ ఇంటి గోడకు గోరు గుచ్చి చూశాడు. అక్కడ ఇటుక వాడరు, ఎర్రటి మెత్తని రాయిని భూమిలోంచి కోసి తెస్తారు. గాలి తగిలిన కొద్దీ అది గట్టిపడుతుందట. అది విని ఆయన చాలాసేపు గోడను వదల్లేదు.

భోజనం అయ్యాక చిన్నాయన విషయం ఎత్తాడు.

"కర్ణా, సోమారం పొద్దుగాల తొమ్మిదింటికి. మేనేజర్ సాబ్‌తోటి మాట్లాడిన. రేపు రాత్రి బస్సుకు నీకు గూడ సీటు తీసిన."

"రేపు ఆట ఉంది గద చిన్నాయనా."

"ఆట అయినంకనే బస్సు."

అన్న కాసేపు కంచంలో గీతలు గీశాడు. "రేపు ఆట అయినంక వీళ్లు చెప్తరు. వద్దంటె మీతోటే బస్సెక్కుత. ఉంచుకుంటమంటె..." అని ఆగాడు.

"అంటె?"

"అనరులే చిన్నాయనా. ఈ ఏడు సగం ఆటలు బెంచి మీదనే కూసున్న."

చిన్నాయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. అది చూసి అన్న మళ్లీ నవ్వాడు. మాకు అప్పగించిన పని సగం అయిపోయినట్టే అనిపించింది.

సాయంత్రం జట్టు సాధన చూడటానికి పోయాం. గడ్డి పచ్చగా, సమంగా ఉంది. గోల్ స్తంభాల వెనక చాలా దూరం ఖాళీ స్థలం, తర్వాత కొబ్బరిచెట్లు. కోచ్ లావుపాటి మనిషి, మెడలో ఈల. అన్న ఎడమ అంచున బంతి తీసుకుని పరుగెత్తినప్పుడల్లా "లైన్ తక్! లైన్ తక్ జా!" అని అరుస్తున్నాడు. అంటే గోల్ స్తంభాలు పాతిన ఆ చివరి తెల్లగీత దాకా పోయి, అక్కడి నుంచి బంతిని వెనక్కి లాగి ఇవ్వమని. అన్న పోవడం లేదు. గీతకు నాలుగైదు గజాల ముందే వేగం తగ్గి, శరీరం వెనక్కి వాలి, అక్కడి నుంచే బంతి కొడుతున్నాడు. మొదటి ఏడు ఆ దెబ్బ కొత్తగా ఉండి గోల్స్ పడ్డాయట. తర్వాత ఎదుటి జట్లు పసిగట్టాయి. అతను ఆగేచోట ముందే కాలు అడ్డం పెడుతున్నారు.

"మోకాలు. భయపడతాడు," అని పక్కన ఉన్న ఒక ఆటగాడు చిన్నాయనకు హిందీలో చెప్పాడు.

నేను చూస్తున్నది మోకాలిని కాదు. ఆ వాలడం నాకు తెలుసు. ఎడమ భుజం కొంచెం పైకి లేస్తుంది, చెయ్యి ముందుకు వస్తుంది. మిద్దె మీది నుంచి ఎన్నో సాయంత్రాలు చూశాను. ఆపరేషన్ కాకముందు, గోవా రాకముందు, మీసాలు రాకముందు కూడా అలాగే ఆగేవాడు. ఆగకపోతే గోడకు కొట్టుకునేవాడు.

అక్కడి నుంచి దీపాలు పెట్టే వేళకు పెద్ద చర్చి చూడటానికి పోయాం. తెల్లగా, చాలా ఎత్తుగా ఉంది. మా ఊరి చర్చిని మేం గుడి అంటాం. అక్కడ అందరూ చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుంటారు, ఆడవాళ్లు తలమీద కొంగు వేసుకుంటారు. చిన్నాయన అలవాటు ప్రకారం మెట్ల దగ్గర చెప్పులు విడిచాడు. లోపలికి పోతే అందరూ బూట్లతో బెంచీల మీద కూర్చుని ఉన్నారు. తిరిగి వచ్చేసరికి అంత పెద్ద వాకిలిలో ఆయన చెప్పులు ఒక్కటే జత ఉన్నాయి.

"ఈళ్ల దేవునికి చెప్పుల పట్టింపు లేనట్టుంది," అన్నాడు వాటిలో కాళ్లు పెట్టుకుంటూ.

ఆ రాత్రి నేను ఏమీ చెప్పకూడదనే అనుకున్నాను. చెప్పడం నా పని కాదు. నన్ను పంపింది అతన్ని తీసుకురమ్మని.

శనివారం పొద్దున ఆరున్నరకు అన్న పావ్ తేవడానికి బేకరీకి పోతూ నన్నూ రమ్మన్నాడు. అక్కడ రొట్టె మధ్యలో చీలి, పైన తవుడు అంటుకుని, వేడిగా ఉంటుంది. ఒకటి తుంచి నా చేతిలో పెట్టి అడిగాడు.

"నిన్న చూసినవ్ గద. ఎట్లుంది నా ఆట?"

"మంచిగుంది."

"గట్ల గాదు. పరాయోళ్లకు చెప్పినట్టు చెప్పకు, నాకు చెప్పు. చిన్నప్పటి సంది మిద్దె మీద కూసోని చూసినవ్. అప్పటికి ఇప్పటికి ఏమన్న ఫరక్ కొడుతుందా?"

అతను అడగకపోతే నేను చెప్పేదాన్ని కాదు. అడిగాడు. అబద్ధం చెప్పాలంటే నాకు చాలా మాటలు కావాలి.

"ఏం ఫరక్ లేదన్నా. గదే జాగల ఆగుతున్నవ్."

"ఏ జాగల?"

"గోడ కాడ."

అన్న నడక ఆపాడు. చేతిలో కాగితం పొట్లం, అందులో రొట్టెలు. సైకిలు మీద రొట్టెల గంప కట్టుకున్న మనిషి రబ్బరు బూర మోగిస్తూ మమ్మల్ని తప్పుకుని పోయాడు.

"మోకాలు అనుకున్న," అన్నాడు. "మోకాలు అనుకొని ఏడాది సంది దానికే పట్టీలు కడుతున్న."

"మోకాలైతే బంతి వెనక ఉరికేటప్పుడు గూడ ఆగాలె గద. వెనక్కి వచ్చేటప్పుడు ఆగుతలేవ్. ఆ గీత కాడనే ఆగుతున్నవ్. ఈడ గోడ లేదన్నా. కొబ్బరిచెట్ల దాంక ఖాళీయే."

నా జీవితంలో ఒకరితో ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పడం అరుదు. అన్న ఇంటిదాకా నా ముందు నడిచాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగాడు.

"గోడ ముచ్చట చిన్నాయన ముందట తియ్యకు."

ఎందుకని నేను అడగలేదు. లోపల చిన్నాయన మా ముగ్గురి సామాను వేరువేరు కుప్పలుగా సర్దుతున్నాడు.

ఆట నాలుగింటికి. స్టేడియానికి మడ్గావ్ బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. టోపీ గాని గొడుగు గాని ఉండాలి, మేం కూర్చున్న వైపు ఎండ ముఖానికి కొడుతుంది. ఆట నడుస్తుండగా ఒక్కసారి కూడా మైదానం మొత్తం చూడనిదాన్ని, అప్పుడు రెండు వైపుల గోల్ స్తంభాలూ ఒకేసారి కనిపిస్తుంటే ఎటు చూడాలో తెలియలేదు. అన్నను మొదటి నుంచీ ఆడించారు. ఆరోజు ఇంకో ఎడమవైపు ఆటగాడికి జ్వరం అట.

మొదటి సగంలో అన్న మాకు అవతలి అంచున, చాలా చిన్నగా ఉన్నాడు. ఎదురుగా ఒక పొడుగు కాళ్ల కుర్రవాడు కాపలా. మొదటిసారి బంతి వచ్చినప్పుడు అన్న ఎప్పటిలాగే గీత ముందు ఆగి కొట్టాడు. ఆ కుర్రవాడు అక్కడే కాలు పెట్టి ఉన్నాడు, బంతి అతనికి తగిలి బయటికి పోయింది. రెండోసారి అన్న ఆగకుండా పోవాలని చూశాడు. కాళ్లు ముందుకు పోయాయి గాని బంతి అదుపు తప్పి గీత దాటింది. జనం నవ్వారు. నా వెనక ఎవరో కొంకణిలో ఏదో అన్నారు, దానికి ఇంకా గట్టిగా నవ్వారు. అర్థం కాకపోవడమే మంచిదయింది.

సగం ఆట అయ్యాక చిన్నాయన వేరుశనక్కాయలు కొని నా ఒడిలో పోశాడు.

"అయిపాయె బిడ్డా. ఏడింటి బస్సుకు ముగ్గురం ఎక్కుతం. మీ అమ్మ నిమ్మలంగ పండుకుంటది." ఆ మాట సంతోషంగా మొదలుపెట్టాడు గాని చివరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. ఒక్క కాయ కూడా తినలేదు.

రెండో సగంలో జట్లు వైపులు మార్చుకున్నాయి. అన్న మా ముందుకు వచ్చాడు. అతని ఊపిరి వినిపించేంత దగ్గర. అతను మావైపు చూడలేదు. ఎక్కువసేపు బంతి రాలేదు కూడా. అంచున ఆడేవాడి పని చాలామటుకు ఎదురుచూడటమే అని అప్పుడు తెలిసింది. బంతి మధ్యలోనూ అవతలి వైపూ తిరుగుతుంటే అతను ఒక్కడే గీత మీద నిలబడి, అటూ ఇటూ కదులుతూ, ఎవరూ అడగకుండానే సిద్ధంగా ఉన్నాడు. నాకు ఆ నిలబడటం బాగా అర్థమయింది.

ఆట ముగింపుకు దగ్గరపడింది. ఇద్దరికీ గోల్ లేదు. అప్పుడు మధ్య నుంచి ఒక పొడుగు బంతి వచ్చింది. అన్న దాన్ని కాలితో ఆపి పరుగందుకున్నాడు. పొడుగు కాళ్ల కుర్రవాడు పక్కనే ఉరుకుతున్నాడు. ఆ చోటు వచ్చింది. అన్న ఎడమ భుజం లేచింది, చెయ్యి ముందుకు వచ్చింది. కుర్రవాడు కాలు చాపి నేల మీద జారాడు.

అన్న ఆగలేదు.

కుర్రవాడి కాలి పక్కనుంచి బంతి తోసుకుని, తెల్లగీత దాకా పోయి, గీత మీది నుంచి దాన్ని వెనక్కి లాగాడు. గోల్ ముందుకు వచ్చిన మా జట్టువాడు కాలు ఊరికే ఆనించాడు, అంతే. వలలో పడింది. అన్న ఆ ఊపులో గీత దాటి, గడ్డి దాటి, చెయ్యి ముందుకు చాపుకుని ఇంకా పోతూనే ఉన్నాడు. చేతికి ఏమీ తగల్లేదు. చాలా దూరం పోయాక నిలబడి ఆ చెయ్యి చూసుకున్నాడు.

జనమంతా లేచారు. నేను ఎప్పుడు లేచానో, ఏమని అరిచానో తెలియదు. వేరుశనక్కాయలన్నీ కింద పడ్డాయి. చిన్నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఆగలే," అన్నాడు తనలో తనే. "వీడు ఆగలే."

నా పక్కన కూర్చున్న ముసలాయన టోపీ తీసి హిందీలో అడిగాడు, "మూడేళ్లుగా దీన్ని ఎక్కడ దాచిపెట్టాడమ్మా?" నేను కింద పడ్డ కాయలు ఏరుకుంటున్నట్టు వంగాను.

ఆరున్నరకు అన్న తడి తలతో స్టేడియం గేటు బయటికి వచ్చాడు. క్లబ్బు కార్యదర్శి పిలిచి మాట్లాడాడట. ఇంకొక ఏడు ఉంచుకుంటారట, అంతకుమించి ఏ భరోసా లేదట.

"ఒక్క ఏడు కోసం పక్కా నౌకరి ఇడిసిపెడుతవా?" అన్నాడు చిన్నాయన.

"ఇన్నేండ్లు సగం గ్రౌండులనే ఆడిన చిన్నాయనా. తతిమ్మాది ఒక్క ఏడు ఆడి చూస్త."

చిన్నాయన కోప్పడతాడని నేను ఎదురుచూశాను. ఆయన అన్న ముఖం చూశాడు, తర్వాత అతని కాళ్లు చూశాడు. ఆఖరికి మేం వెంట తెచ్చుకున్న సామానులోంచి అన్న సంచి వేరు చేసి అతని చేతికి ఇచ్చాడు. మడ్గావ్ బస్టాండులో బస్సు కదిలేటప్పుడు అన్న కిటికీ పక్కన కొంచెం దూరం ఉరికాడు.

"అమ్మను తొక్కు పంపమను! మామిడికాయది!"

ఏడుగంటల బస్సులో మాకు మూడు సీట్లు. మధ్య సీటులో సంచి పెట్టుకున్నాం. గోవా నుంచి వచ్చేవాళ్లు జీడిపప్పు కొనుక్కోవాలంటే మడ్గావ్ బజారులోనే కొనుక్కోవాలి, ఘాటు మీద ఆపేచోట ధర ఎక్కువ, రకం తక్కువ. అన్నానికి ఆపినచోట చిన్నాయన గోడలు కూడా తట్టలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు హుమ్నాబాద్ వచ్చాం. అక్కడ ఒక తల్లి చంటిపిల్లతో ఎక్కి మా మధ్య సీటు చూసి అడిగింది.

"ఎవరన్న వస్తరా అన్నా ఈడ?"

"మావాడు," అన్నాడు చిన్నాయన. ఆమె పక్కకు పోయి కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు రెండు మలుపులు తిరిగాక ఆయన సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "రా చెల్లె, కూసో. మావాడు ఈ బస్సుకు లేడు."

పిల్ల నిద్రపోయింది, తల్లి కూడా నిద్రపోయింది. ఆమె తల మీదుగా చిన్నాయన నన్ను చూశాడు.

"నువ్వే చెప్పినవా వానికి? గోడ ముచ్చట?"

అవునన్నట్టు తల ఊపాను. "మీ ముందట అనొద్దన్నడు అన్న."

"గట్లన్నడా?" అని చిన్నగా నవ్వాడు. జహీరాబాద్ దాటాక ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ గోడ కట్టింది నేనే బిడ్డా."

"ఫ్యాక్టరీది గాదా?"

"ఫ్యాక్టరీ ఎందుకు కడ్తది? వానికి పదేండ్లప్పుడు బంతి కాలువల పడితే ఎనుకనే దుంకిండు. ఆ నీళ్లల్ల ఏం గలిసిందో ఏమో, ఎడమ పాదం మీది తోలంత ఊడొచ్చింది. నువ్వు అప్పుడు సంకల పిల్లవి. మీ నాయిన ఇగ ఆట బంద్ అన్నడు. వాడు అన్నం ముట్టలే. నేనన్న, ఆట బంద్ చెయ్యకన్నా, గోడ నేను కడ్త అని. ఆదివారాలు గుడి అయినంక, పలిగిన ఇటుకలు ఏరుకొచ్చి కట్టిన."

అన్న పాదం మీద తెల్లటి మచ్చ ఉందని నాకు తెలుసు. వేడినీళ్లు పడ్డాయేమో అనుకునేదాన్ని. ఎప్పుడూ అడగలేదు.

"జెర అవతలికి కట్టరాకపోయిందా?" అన్నాను.

"అవతల కాలువనే గద."

"గోల్ స్తంభాలు ఇవతలికి జరిపితే?"

చిన్నాయన కిటికీ వైపు తిరిగాడు. "గది తోచలే. నాకు గోడ కట్టుడు తప్ప ఏం తోచలే. వాడు గోడ ముందట ఆగుతుంటే, శాబాష్, దెబ్బ తాకకుంట ఆగుతున్నడు అని ఖుషీ అయ్యేటోణ్ణి."

సదాశివపేట వచ్చింది. సంగారెడ్డి చౌరస్తాలో సగం బస్సు ఖాళీ అయింది. ఆదివారం కావడంతో రోడ్డు మీద షిఫ్టు బస్సులు లేవు.

ఈ ప్రయాణం చేయదలచిన వాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. రెండు రాత్రులు బస్సులో కూర్చునే ఓపిక ఉంటే దారి కష్టం కాదు. గోవాలో సముద్రం ఉందట, మేం చూడలేదు. నేను చూసింది ఒక మైదానం మొత్తం, అందులో మా అన్న మొత్తం.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మైదానం కనిపించింది. ఆదివారం ఆట నడుస్తోంది. చిన్నాయన కిటికీ మూయలేదు. గోడ అలాగే ఉంది, ఒక్క ఇటుక కదల్లేదు. ఆయన దాన్ని మెడ తిప్పి తిప్పి, క్వార్టర్లు అడ్డం వచ్చేదాకా చూశాడు.

"రేపు ఫ్యాక్టరీకి పోయి, మావాడు రాడని చెప్పినంక మేనేజర్ సాబ్‌ను అడుగుత," అన్నాడు. "స్తంభాలు పీకి ఇవతల పాతొచ్చా అని."

బస్టాండు ఎదురుగా అమ్మ నిలబడి ఉంది. గుడి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కొంగు ఇంకా తల మీదే ఉంది. మొదట నేను దిగాను, తర్వాత చిన్నాయన దిగాడు. అమ్మ మా ఇద్దరినీ చూడకుండా బస్సు తలుపు వైపే చూస్తోంది. తలుపు మూసుకుంది. బస్సు కదిలింది.

"ఏడి?" అంది.

చెప్పవలసింది నేనే. నేను మాట వెతుక్కునేలోగా చిన్నాయన సంచి కింద పెట్టాడు.

"ఆడుతున్నడు వదినె," అన్నాడు. "మామిడికాయ తొక్కు పంపమన్నడు."